రసీదు

యుద్ధం గెలిచినాయన కోటు
మూడు దినాలు నా బల్ల మీదనే ఉన్నది.
బయటికి బూడిదరంగు, లోపట పచ్చ అస్తరు,
భుజాలల్ల దూది.
మెడపట్టీకి చెమట కంటే పౌడరే ఎక్కువ.
దేశాన్ని మోసిన భుజాలంటరు గద,
ఇస్త్రీపెట్టె ఆనంగనే అణిగిపోయినయి.
మళ్ళ గుద్ది గుద్ది లేపిన.

కాజీపేట రైల్వే గ్రౌండ్ల సెట్టు.
అట్టతోటి రైలు డబ్బా, దాని తలుపుల ప్రధాని.
కింద మున్నూరు మంది జనం,
మడికొండ నుంచి, సోమిడి నుంచి, బాపూజీనగర్ నుంచి.
మనిషికి నాలుగొందలు, ఒక పూట పులిహోర.
దీపాలకు నల్లకాయితం చుట్టిన కాలమట అది.
పట్టపగలు ఇంతింత లైట్లు ఏసి
ఆ చీకటిని తీస్తున్నరు.

ఆయన మాట్లాడుతడు. గొంతు జీరపోతది.
ఆడోళ్ళు ఒంటిమీది సొమ్ములు తీసి
పరిచిన శాలువల ఏస్తరు. అంతే సీను.
గిల్టు గాజులు ముందే పంచిన్రు, లెక్క రాసుకొని.
"కట్" అనంగనే శాలువ ఇప్పి
ఎవలయి వాళ్ళకు మళ్ళిచ్చిన్రు.
ఐదు టేకులు.
ఐదుసార్లు దేశానికి ఇచ్చి
ఐదుసార్లు తొడుక్కున్నరు.

మడికొండ భూలచ్చిమి మూడో వరుసల ఉండె.
డెబ్బై దాటినయి, కాళ్ళు బోసి.
రెండో టేకు అయినంక గాజులు చేతిల వట్టుకొని
పక్కామెను అడిగింది:
"గిట్ల తిరిగిస్తరా?"

అన్నం గంటల నా బల్ల కాడికొచ్చింది.
కొంగు ముడి ఇప్పింది. ముడి లోపట ప్లాస్టిక్ కవరు,
కవరు లోపట గుడ్డపేలిక,
పేలిక లోపట ఎనిమిది మడతల కాయితం.
"ఐలేశా, జర దీని మడతలు తియ్యి బిడ్డా."

వెండి కడియాలు ఒక జత. నలభై ఒక్క తులాలు.
కింద ఊదారంగు ముద్ర.
ముద్ర పక్కన గీత,
గీత మీద ఏమీ లేదు.
"సంతకం పెట్టే సారు అన్నానికి పోయిండన్నరు.
పొద్దుగూకిందాక నిలవడ్డ.
మా అత్త తిట్టింది. కడియాలకు కాదు,
బర్రె పిండేయాళ్ళకు రానందుకు."

ఎందుకిచ్చినవే అంటే
జరసేపు గ్రౌండు దిక్కు చూసింది.
"పంచాయితి రేడియోల ఇన్న.
ఆయన గొంతు జీరపోయింది.
మా నాయన అప్పు అడిగేటప్పుడు
గట్లనే పోయేది."

నేను చీరలు చేసిన, ఖద్దరు చేసిన,
పీనుగు మీది తెల్లబట్ట చేసిన.
కాయితం ఎన్నడు చెయ్యలే.
పైన బట్ట పరిచి, పెట్టెల బొగ్గులు సగం తీసి,
ఊపిరి బిగవట్టి ఒక్కసారి గుంజిన.
అలికిన వాకిట్ల ముగ్గు ఆరినంక తేలినట్టు
అచ్చరాలు తేలినయి.

"ఎవలికి సూపెడుతవ్?"
"గాయినకు."
"ఆయన వేషగాడే అవ్వా!"
"ఎరికే. కోటు గదే గద."

కుర్చీల కూసోని కొబ్బరినీళ్ళు తాగుతున్నడు ప్రధాని.
బొంబాయి మనిషి. ఆమె కాయితం చాపితే
నవ్విండు, పెన్ను అడిగిండు,
ఎక్కడ అన్నట్టు చూసిండు.
ఖాళీ గీత కనవడ్డది.
సర్రున గీకిండు.

నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువలే.
భూలచ్చిమి సిరా ఆరేదాక ఊదింది.
మళ్ళ ఎనిమిది మడతలు పెట్టింది,
నేను చేసిన ఇస్త్రీ మీదనే.

దసరకు సినిమా వచ్చింది.
హన్మకొండల ముందటి వరుస టికెట్లు, ఇద్దరం పోయినం.
తెర మీద ఆమె లేదు. ఒక మోచెయ్యి ఉన్నది,
అది నీదే అని నేనంటే కాదన్నది.
నా కోటు మడత నలగకుంట నిలవడ్డది.
శాలువల గాజులు పడ్డయి,
హాలంత గల్లుగల్లుమన్నది,
ఎనకనుంచి ఈలలు.

భూలచ్చిమి నా చెవుల అన్నది:
"గంత సప్పుడు ఎక్కడిదిరా?
నాయి సంచిల ఏసినప్పుడు
ఏం ఇనవడలే."